డబ్బాల్లో వచ్చిన విందు

ఇల్లు, వంటగది బల్ల దగ్గర
అక్టోబరు 9

చిట్టీ,

ఈ ఉత్తరం చదివాక చింపెయ్. ఫోనులో చెప్పే సంగతైతే ఫోనే చేసేదాన్ని. నేను ఫోను తీస్తే మీ అన్నయ్య పక్కన నిలబడి "ఎవరు, చిట్టియేనా, ఏమంటోంది?" అని మూడు ప్రశ్నలు వేస్తారు. అందుకే మన మధ్య ఈ కాగితాలు.

ఏటా డిసెంబరు సెలవుకి పెట్టే విందు ఈసారి నేను వండను. డబ్బాల్లో కొంటాను.

నవ్వుకో, ఫరవాలేదు. ఇరవై ఒక్క ఏళ్లు వండాను. రెండు రోజుల ముందు నుంచి కూరగాయలు, ముందు రోజంతా మాంసం, ఆ రోజు తెల్లవారగానే పొయ్యి. అందరూ బల్ల ముందు కూర్చుని తింటుంటే నేను వంటగదికీ బల్లకీ మధ్య తిరుగుతూ ఉంటాను. నా కంచంలోకి వేడిగా వచ్చిన పదార్థం ఏనాడూ లేదు. సరే, అది ఇంటింటా ఉన్నదే. నా బాధ అది కాదని నీకు తెలుసు. మీ అన్నయ్య సూపు ఒక చెంచా నోట్లో పెట్టుకుంటారు, కళ్లు మూసుకుంటారు, "బాగుంది గానీ..." అంటారు. ఆ తర్వాత ఏమీ ఉండదు. అత్తయ్య చేసినట్టు లేదని ఆ బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. నేను కాపురానికి వచ్చేసరికి అత్తయ్య పోయి రెండేళ్లు. నేను ఆవిడని చూడలేదు, ఆవిడ చేతి ముద్ద తినలేదు. తినని రుచితో ఇన్నేళ్లుగా పోటీ పడుతున్నాను.

కళ్లద్దాల దుకాణంలో నా పని ఏమిటి? వచ్చినవాళ్ల కళ్ల ముందు ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి "ఇది బాగుందా, ఇదా?" అని అడగడం. ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా ఏదో ఒకటి తేల్చి చెబుతారు. మీ అన్నయ్య తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. ఊళ్లో త్రాసులన్నీ సరిచేసి ముద్ర వేసి వస్తారు. ఇంటికొస్తే ముల్లు ఆ "గానీ" దగ్గరే ఆపేస్తారు.

అందుకే ఈసారి కొన్న సూపు పోసి పెడతాను. బాగుంది గానీ అంటే అది నాకు తగలదు. ఎవరో కంపెనీవాళ్లకి తగులుతుంది. ఆ ఒక్క రోజు నేను కూడా కూర్చుని తింటాను.

ఆయనకి తెలియకూడదు. పైగా ఈసారి వాళ్ల ఆఫీసరునీ ఆయన భార్యనీ పిలిచారు. నువ్వు ఒకరోజు ముందుగా రా. పెరటి తలుపు నుంచి డబ్బాలు లోపలికి చేర్చడానికి నాకు ఇంకో మనిషి కావాలి.

వదిన


బిస్కెట్ ఫ్యాక్టరీ క్వార్టర్స్
అక్టోబరు 17

వదినా,

ఉత్తరం చింపలేదు. పెట్టె అడుగున దాచాను. ఎప్పుడైనా నిన్ను బెదిరించడానికి పనికొస్తుంది.

నువ్వు కొన్న విందు పెడతావంటే నాకేం అభ్యంతరం? నీ స్థానంలో నేనుంటే పదో ఏటే ఆ పని చేసేదాన్ని. కానీ ఈసారి నేను రాలేను. సెలవు రోజుల్లో డ్యూటీ పడింది. ఏడాది చివర బిస్కెట్లకి గిరాకీ ఎక్కువ. బెల్టు ఆగదు, దాని పక్కన నిలబడి విరిగినవీ మాడినవీ ఏరేవాళ్లు కూడా ఆగడానికి వీల్లేదు. అన్నయ్యతో ఈ మాట నువ్వే చెప్పు. నేను చెబితే ఎందుకు, ఏమిటి అని తూకం వేస్తాడు.

ఇంకో మాట. ఇకమీదట ఉత్తరాలు కింద రాసిన చిరునామాకి పంపు. అది నా స్నేహితురాలి ఇల్లు. క్వార్టర్స్‌లో పోస్టు సరిగ్గా పంచడం లేదు.

కొనేముందు ఏ కంపెనీయో చూసుకో. కొందరు సూపులో పిండి కలిపి చిక్కదనం తెస్తారు. చల్లారితే తెలిసిపోతుంది.

చిట్టి


కళ్లద్దాల దుకాణం, మధ్యాహ్నం
నవంబరు 12

చిట్టీ,

నువ్వు రావడం లేదని మీ అన్నయ్యతో చెప్పాను. పేపరు మడిచి "డ్యూటీ అంటే రాకపోవడమే మంచిది. ఉద్యోగం నిలబెట్టుకుంటోంది కదా" అన్నారు. పైకి సంతోషంగానే ఉన్నారు. మూడేళ్ల క్రితం నువ్వు రెండో ఉద్యోగం మానేసి వచ్చినప్పుడు, "ఈ ఫ్యాక్టరీలో కూడా నిలవకపోతే నా గుమ్మం ఎక్కకు" అన్నారు చూడు, ఆ మాట అన్నందుకు ఆయనకీ లోపల ఎక్కడో పీకుతూనే ఉంటుంది. వెనక్కి తీసుకోవడం మాత్రం చేతకాదు. నువ్వు ఆ ఉద్యోగంలో ఉన్నంత కాలం తీసుకోనక్కర్లేదని ఆయన ధీమా.

విందు సంగతికి వస్తాను. మా దుకాణం వెనక వీధిలో ఒక కొత్త షాపు పెట్టారు. అద్దాల అలమరాల్లో డబ్బాలు పేర్చి ఉంటాయి. కౌంటరు దగ్గర ఒక లావుపాటి ఆవిడ, మెళ్లో తాడుకి వేలాడే కళ్లద్దాలు. కుడి కంటికి నంబరు తప్పు పడిందని చూడగానే పట్టాను, చెప్పాను, దాంతో స్నేహం కలిసింది. సూపు, వేయించిన కోడి, బంగాళాదుంపలు, బీన్సు, రొట్టె, కేకు, ఆరుగురికి. కాగితం నింపాను. ఆఖరున "ప్రత్యేక సూచనలు" అని ఒక గడి ఉంది. అక్కడ "డబ్బాల మీద కంపెనీ బొమ్మ వద్దు" అని రాశాను. ఆవిడ చదివి నా మొహంలోకి చూసింది. "మీ ఆయనకి చెప్పలేదా అమ్మా?" అంది. "చెబితే ఇక్కడికెందుకు వస్తాను?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

డబ్బాలన్నీ మీ ఊరి నుంచే వస్తాయట. అక్కడ ఆ కంపెనీకి పెద్ద వంటశాల ఉందట. ముందు రోజు వండి చల్లటి లారీలో పంపుతారట. నువ్వెప్పుడైనా చూశావా?

వదిన


క్వార్టర్స్
నవంబరు 20

వదినా,

వంటశాల బయటి నుంచి చూశాను. పొడుగాటి షెడ్డు, తెల్ల రంగు, శుభ్రంగానే ఉంటుంది. భయపడకు.

నువ్వు దొరక్కుండా ఉండాలంటే ఇలా చెయ్. డబ్బాల మూతలు తీసి పది నిమిషాలు అలా వదిలెయ్, చల్లటి పెట్టె వాసన పోతుంది. సూపుని పెద్ద మంట మీద పెట్టకు. సన్న సెగ మీద అరగంట. కలపకు. కోడిని ఓవెన్‌లో పెట్టేముందు పైన కాస్త వెన్న రాయి. బంగాళాదుంపలు డబ్బాలో చెమ్మగిల్లుతాయి, బట్ట మీద ఆరబెట్టి మళ్లీ వేయించు. రెండు గిన్నెలు కావాలని మాడ్చి గట్టు మీద పెట్టు. నాలుగు ఉల్లిపాయలు తరిగి పొట్టు ఎదురుగా వదిలెయ్. వంట చేసిన ఇల్లులా కనబడాలి కదా.

సూపు ముందు రుచి చూడకు. అన్నయ్యతో పాటే తిను.

చిట్టి


ఇల్లు
డిసెంబరు 29

చిట్టీ,

ఉన్నది ఉన్నట్టు రాస్తాను, మధ్యలో ఏమీ అనకు.

డబ్బాలు వేళకి వచ్చాయి. మీ అన్నయ్య ఆఫీసరుగారిని తీసుకురావడానికి వెళ్లారు. నువ్వు చెప్పినవన్నీ చేశాను, ఉల్లిపొట్టుతో సహా. డబ్బా వంటల సంగతులు నీకు ఇంత బాగా ఎలా తెలుసో అనుకున్నాను, మళ్లీ మర్చిపోయాను. అందరం కూర్చున్నాం. అవును, నేను కూడా. నా కుర్చీ మీద దుమ్ముంది, కొంగుతో తుడుచుకున్నాను.

మీ అన్నయ్య ఒక చెంచా నోట్లో పెట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు. నేను రొట్టె విరుస్తూ "గానీ" కోసం చూస్తున్నాను. ఈసారి అది నాది కాదు కదా, ధైర్యంగానే ఉన్నాను. ఆయన కళ్లు తెరవలేదు. ఆఫీసరుగారు బదిలీల గురించి ఏదో అడిగారు, బదులు చెప్పలేదు. రెండో చెంచా, మూడో చెంచా. గిన్నె ఖాళీ చేసి లేచి వంటగదిలోకి వెళ్లి పొయ్యి ముందు ఊరికే నిలబడ్డారు. తిరిగొచ్చి ఇంకో గిన్నె పోసుకున్నారు. "ఇది మా అమ్మ సూపు" అని ఆఫీసరుగారి భార్యతో అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఇన్నేళ్లకి నీకు చేయి కుదిరింది" అన్నారు.

నేను కాదనలేదు. తల వంచుకుని బంగాళాదుంప తిన్నాను. వేడిగా ఉంది.

సంతోషం వేసింది, చిట్టీ. దొంగసొమ్మని తెలిసీ వేసింది. ఇరవై ఒక్క ఏళ్లు నిజంగా వండితే రాని మాట, పెరటి తలుపు నుంచి తెచ్చిన డబ్బాకి వచ్చింది. ఆ సాయంత్రమంతా ఇంట్లో కాలు నేల మీద ఆనలేదు.

గిన్నె కడుగుతుంటే అడుగున ఒక ఉల్లిపొర కనిపించింది, బొగ్గులా నల్లగా. కంపెనీవాళ్లు మాడ్చేశారు, వెళ్లి నాలుగు దులుపుదామనుకున్నాను. ఈ మెప్పు చూశాక నోరు రాలేదు.

ఇప్పుడు అసలు కష్టం. ప్రతి ఆదివారం అదే సూపు కావాలంటున్నారు. షాపుకి వెళ్లి మామూలు రోజుల్లో అమ్మే డబ్బా తెచ్చాను. అది వేరేగా ఉంది. "ఇవాళ తగ్గింది" అన్నారు. అత్తయ్య అందులో ఏం వేసేవారు? నువ్వు పదిహేనేళ్లపాటు ఆవిడ పక్కనే పెరిగినదానివి, తెలిసే ఉంటుంది. నా పరువు నీ చేతుల్లో ఉంది. వెంటనే రాయి.

వదిన


క్వార్టర్స్
జనవరి 16

వదినా,

అన్నయ్య నిన్ను మెచ్చుకున్నాడంటే నాకు ఎంత సంతోషంగా ఉందో రాయలేను.

అమ్మ ఏం వేసేదో నాకేం గుర్తుంటుంది? అప్పుడు చిన్నపిల్లని. అందరూ వేసేవే. కొంచెం మిరియాలు ఎక్కువ వేసి చూడు. లేకపోతే నిదానంగా మరిగించు. అమ్మ వంట అమ్మతోనే పోయింది, దాని గురించి ఎక్కువ ఆలోచించకు. అన్నయ్య కూడా నాలుగు ఆదివారాలు అడిగి మర్చిపోతాడు.

ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. పనికి తొందరగా వెళ్లాలి, ఉంటాను.

చిట్టి


కళ్లద్దాల దుకాణం
ఫిబ్రవరి 21

చిట్టీ,

మిరియాలు వేశాను. మరిగించాను. నాలుగు ఆదివారాలు కాదు, ఏడు అయ్యాయి. ఆయన మర్చిపోలేదు.

నిన్న షాపుకి వెళ్లి, ఉల్లిపాయ మాడిన సూపు మళ్లీ కావాలన్నాను. తాడు కళ్లద్దాల ఆవిడ వంటశాలకి ఫోను చేసింది. అది ఆ ఒక్క సెలవుకే చేశారట. రెండో గుండిగ దగ్గర పనిచేసే మనిషి చేసిందట. పోయిన వేసవిలో చేరిందట. అంతకుముందు బిస్కెట్ ఫ్యాక్టరీలో మాడిన బిస్కెట్లు ఏరేదట.

నువ్వు నీళ్లు నమలకుండా రాయడం నేర్చుకునేవరకూ నాకు రాయకు.

వదిన


అద్దె గది, మూడో అంతస్తు
మార్చి 3

వదినా,

నీళ్లు నమలకుండా రాస్తున్నాను. పైన చిరునామా కూడా ఈసారి నిజమైనదే. స్నేహితురాలి ఇల్లన్నది ఇదే. ఆమెకున్న రెండు గదుల్లో ఒకటి నాకిచ్చింది.

ఫ్యాక్టరీలో పోయిన మార్చిలోనే మా వరుస తీసేశారు. బెల్టు మీద కెమెరా పెట్టారు. విరిగిన బిస్కెట్టుని అదే చూస్తుంది, దాని పక్కన గొట్టం గాలి ఊది పక్కకి తోసేస్తుంది. పదకొండుమందిని ఒకే రోజు పిలిచి చేతిలో కాగితం పెట్టారు. అందులో నా తప్పు వెతికినా దొరకదు. కానీ అన్నయ్య గుమ్మం మాట అన్నప్పుడు తప్పు ఎవరిదని తేడా పెట్టలేదు. నేను కూడా అడగలేదు. వెళ్లి చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. మూడు నెలలు పని కోసం తిరిగి, వేసవిలో ఈ వంటశాలలో చేరాను. తెల్ల టోపీ, రబ్బరు బూట్లు, రెండో గుండిగ. పని బాగానే ఉంటుంది. పెద్ద వంటాయన అరుస్తాడు గానీ మంచివాడు.

సెలవు రోజుల్లో మాకు ఊపిరి తిరగదు, అందుకే రాలేనన్నాను. అది మాత్రం అబద్ధం కాదు.

ఇంక ఉల్లిపాయ.

నేను పుట్టకముందు ఒక సెలవు రోజు అమ్మ సూపు కోసం ఉల్లిపాయ కోసి ఇనప పెనం మీద పెట్టి మర్చిపోయిందట. చుట్టాలు గుమ్మంలోకి వచ్చేశారు, ఇల్లంతా పొగ. నాన్న చూస్తే కేకలేస్తాడని ఆ నల్లటి ముక్కల్ని గబగబా సూపులో పడేసి మూత పెట్టింది. అందరూ తిని ఇంత బాగుందేమిటన్నారు. అప్పటినుంచీ ఏటా కావాలనే మాడ్చేది. ఉల్లిపాయని అడ్డంగా రెండు చెక్కలు చేసి, పొడి పెనం మీద బోర్లించి, నల్లబడేదాకా కదపకుండా ఉంచి, సూపులో వేసి, వడ్డించేముందు తీసేసేది. నాన్నకి, అన్నయ్యకి తెలియదు. వంటగదిలోకి వాళ్లు వచ్చేవాళ్లు కాదు. నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు.

అమ్మ పోయాక రెండేళ్లు మన ఇంట్లో ఆ విందు లేదు. నన్ను హాస్టల్లో వేశారు. నువ్వొచ్చి మళ్లీ మొదలుపెట్టావు. ఆ మొదటి ఏడాది నేను హాస్టల్ నుంచి ఉల్లిపాయ సంగతి చెబుదామనే వచ్చాను. రైల్లో ఎలా చెప్పాలో అనుకుంటూ వచ్చాను. నీ పక్కన నిలబడి కత్తి తీసుకున్నాను. నువ్వు నా చేతిలోంచి కత్తి లాక్కుని, "నువ్వు చుట్టానివి, పోయి కూర్చో" అన్నావు. పుట్టి పెరిగిన ఇంట్లో నేను చుట్టాన్నైపోయాను. పోయి కూర్చున్నాను. అన్నయ్య "బాగుంది గానీ" అన్నాడు. నీ మొహం వాడిపోయింది. నాకు, ఏం రాయను వదినా, నాకు కడుపులో చల్లగా అనిపించింది. ఆ ఇంట్లో నాదంటూ ఇంకా ఒకటి మిగిలిందనిపించింది.

మరుసటి ఏడు చెబుదామనుకున్నాను. ఆ పై ఏడు. తర్వాత చెప్పడానికి సిగ్గేసింది, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతావని. అలా ఇరవై ఒక్క ఏళ్లు.

పోయిన నవంబరులో నువ్వు డబ్బాలు మా ఊరినుంచే వస్తాయని రాసినప్పుడు ఆ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ ఇంటికి వెళ్లే సూపు నేనే కాస్తాను. విందుకి నేను రాలేకపోతే నా సూపైనా వస్తుందనుకున్నాను. పెద్ద వంటాయన చూడకుండా ఉల్లిపాయలు మాడ్చాను. ఆయన వాసన పట్టేశాడు, రుచి చూశాడు, గుండిగ మీద మూత పెట్టి వెళ్లిపోయాడు. ఆ రోజు మూడువందల ఇళ్లకి అమ్మ సూపు వెళ్లింది. ఒక ఇంట్లో తప్ప ఎవరికీ తెలియలేదు.

నీకు మెప్పు రావాలని చేశానా, అన్నయ్యకి నేను గుర్తు రావాలని చేశానా అంటే నాకే తెలియదు. ఒక పొర అడుగున ఉండిపోయింది. పొరపాటున ఉండిపోయిందో, నేనే వదిలేశానో అది కూడా చెప్పలేను.

అన్నయ్యకి చెబుతావో మానుతావో నీ ఇష్టం. నేను అడగను.

చిట్టి


ఇల్లు
మే 11

చిట్టీ,

రెండు నెలలు రాయలేదు. రాస్తే ఏం రాసేదాన్నో అని రాయలేదు.

నీ మీద నాకు కోపంగా ఉంది. ఇంకా ఉంది. ఏటా నువ్వు ఆ బల్ల దగ్గర కూర్చుని, ఆయన "గానీ" అన్నప్పుడల్లా నా మొహంలోకి చూసేదానివి. అది జాలి అనుకున్నాను. ఈ ఇంట్లో నన్ను అర్థం చేసుకున్న మనిషి ఒకతి ఉందనుకున్నాను. సగం ఉల్లిపాయ, చిట్టీ. సగం ఉల్లిపాయ కోసం నన్ను ఇన్నేళ్లు వేయించావు.

చుట్టానివి అన్న మాట నాకు గుర్తు కూడా లేదు. అని ఉంటాను. అప్పటికి నేను ఈ ఇంటికొచ్చి ఆరు నెలలు. తల్లి లేని పిల్ల సెలవులకి వస్తే దాని చేత కూరగాయలు తరిగించడమేమిటని అని ఉంటాను. అదే మర్యాద అనుకున్నాను. నువ్వు కూడా ఒక్కసారి "నేను చుట్టాన్ని కాదు" అని కత్తి వెనక్కి లాక్కుని ఉంటే బాగుండేది. అంతకుమించి దాని గురించి రాయలేను.

నిన్న ఆదివారం. ఉల్లిపాయ అడ్డంగా కోశాను, పొడి పెనం మీద బోర్లించాను, నల్లబడేదాకా కదపలేదు. ఇల్లంతా పొగ కమ్ముకుంది. మీ అన్నయ్య దగ్గుతూ వచ్చి బల్ల ముందు కూర్చున్నారు. సూపు పోశాను. వాసనకే ఆయన మొహం మారిపోయింది. చెంచా ఎత్తారు.

అప్పుడు చెప్పాను. నోరు మూసుకుని ఊరుకుంటే నాకు రావలసింది వచ్చేసేది. ఒక్క నిమిషం ఆగితే చాలు. ఆగలేకపోయాను. "ఇది నేను వండింది. సెలవు రోజున మీరు మెచ్చుకున్నది నేను వండలేదు. డబ్బాల్లో కొన్నాను. దాన్ని వండింది మీ చెల్లెలు" అన్నాను. అంతా చెప్పాను. కెమెరా, పదకొండుమంది, రెండో గుండిగ, పెనం మీద మర్చిపోయిన ఉల్లిపాయ.

ఆయన చెంచా దించేశారు. "ఫ్యాక్టరీలోంచి ఎప్పుడు తీసేశారు?" అన్నారు. పోయినేడు మార్చిలో అన్నాను. "పద్నాలుగు నెలలు" అన్నారు. లేచి ముందు గదిలోకి వెళ్లి, ఆఫీసు సంచీలోంచి ఇత్తడి తూకపు రాళ్లు తీసి, ఒక్కొక్కటీ బట్టతో తుడుస్తూ కూర్చున్నారు. అవి అంతకుముందు రోజే తుడిచారు.

సూపు చల్లారిపోయింది. ఎలా ఉందో చెప్పలేదు. గుమ్మం మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. ఇవాళ్టివరకూ ఇంతే.

వదిన


అద్దె గది
నవంబరు 24

వదినా,

ఆరు నెలలు నువ్వు రాయలేదు. నేను నాలుగు రాసి పంపలేదు. ఈ సంగతి మాత్రం రాయకుండా ఉండలేను.

నిన్న సెలవు విందు ఆర్డరు కాగితాలు వంటశాలకి వచ్చాయి. ఏటా పెద్ద వంటాయన వాటిని మా ముందే చదువుతాడు, ఎవరికి ఉప్పు తక్కువ, ఎవరికి కారం వద్దు అని. ఒక కాగితం తీసి, కళ్లద్దాలు సర్దుకుని, నా వైపు చూశాడు. "ఇదెవరోగానీ మనిషిని ఎత్తుకుపోయేలా ఉన్నాడు. వెళ్తావేమిటి కొంపదీసి?" అన్నాడు.

కాగితం అందుకున్నాను. కోడి, బంగాళాదుంపలు, బీన్సు, రొట్టె, కేకు, అన్నిటికీ గడుల్లో టిక్కులు. స్కేలు పెట్టి గీసినట్టున్న టిక్కులు, ఎవరివో చూడగానే తెలిసింది. సూపు గడి ఖాళీ. ప్రత్యేక సూచనల దగ్గర అన్నయ్య చేతిరాత:

"సూపు పంపవద్దు. సూపు కాచే మనిషిని పంపగలరు. సెలవు రోజున తీరికలేని పక్షంలో మర్నాడు పంపినా అభ్యంతరం లేదు. ఇంటి గుమ్మం పూర్వస్థితిలోనే ఉన్నది."

కింద సంతకం, తేదీ. ఆఫీసు ముద్ర ఒక్కటే తక్కువ.

పెద్ద వంటాయన "ఎవరు?" అన్నాడు. "మా అన్నయ్య" అన్నాను. ఆయన సెలవు మర్నాటి డ్యూటీ జాబితాలోంచి నా పేరు కొట్టేశాడు. నేను చల్లగదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, కేబేజీల మధ్య కాసేపు నిలబడి వచ్చాను.

వదినా, అన్నయ్య పిలిచాడు. నువ్వు పిలుస్తావా? నువ్వు వద్దంటే రాను. ఈసారి నీ గుమ్మం గురించే అడుగుతున్నాను.

చిట్టి


కళ్లద్దాల దుకాణం
డిసెంబరు 2

చిట్టీ,

ఆ కాగితం ఆయన నాలుగుసార్లు రాసి మూడుసార్లు చింపారు. షాపులో తాడు కళ్లద్దాల ఆవిడ కొత్త కాగితాలు అందిస్తూ కూర్చుంది. నేను మా దుకాణం వెనక కిటికీలోంచి చూశాను.

కోపం కొంచెం మిగిలే ఉంది. అది పోయాక పిలవాలంటే ఇంకో ఏడాది పట్టేట్టుంది. కాబట్టి ఉండగానే పిలుస్తున్నాను. రా. నీ కత్తి నువ్వు తెచ్చుకో, ఇక్కడివి మొద్దుబారాయి. వచ్చి కూర్చుంటే ఊరుకోను.

వదిన


ఇల్లు, వంటగది బల్ల దగ్గర
జనవరి 8

చిట్టీ,

నువ్వు తిరిగి వెళ్లి రైలు దిగగానే రాసిన ఉత్తరం అందింది. గుమ్మంలో అన్నయ్య ఒక్క మాటైనా అనలేదని దారంతా ఏడ్చానన్నావు. ఏమంటారు? నీ చేతిలో సంచీ తీసుకుని లోపలికి నడిచారు కదా. ఆయనకి అంతే వచ్చు. నువ్వు వస్తున్న రోజున పొద్దుటి నుంచి ఆ గుమ్మాన్ని రెండుసార్లు కడిగారని నేను చెప్పేదాకా నీకు తెలియదు కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

నువ్వు మాడ్చిన పెనం ఇంకా తోమలేదు. గోడకి తగిలించాను.

నువ్వు వెళ్లిన తర్వాతి ఆదివారం నేనొక్కదాన్నే చేశాను. నువ్వు లేవు, డబ్బాలు లేవు, ఇంట్లో పొగ ఉంది. పోసి ఆయన ముందు పెట్టి, గరిటె పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు.

"బాగుంది" అన్నారు.

నేను అక్కడే నిలబడ్డాను. ఆయన రెండో చెంచా తీసుకుంటూ తలెత్తి, "ఏమిటి?" అన్నారు.

"ఏమీ లేదు" అన్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని నాది పోసుకున్నాను.

ఈ ఉత్తరం చింపకు.

వదిన